త్రాగువానిని దూఱిన మాఱునా?

పాఠశాల పత్రికలో త్రాగుడును గుఱించి వ్రాయుట యేల యని కొందఱు తల్లిదండ్రులు అనుకొనవచ్చును. ఇట్టి పత్రికలలో చదువు, క్రమశిక్షణ, మాతృభాష, విహారయాత్ర మొదలగు విషయములే సాధారణముగా నుండును. ఒకవేళ త్రాగుడును గుఱించి వ్రాసినను, "మద్యపానము మహాపాపము" అని మొదలుపెట్టి, "కావున బాలబాలికలారా, దాని జోలికి పోకుడు" అని ముగించుట వాడుక. నేనును అట్టి వ్యాసములను విద్యార్థులచే పెక్కింటిని వ్రాయించితిని, దిద్దితిని, బహుమతులును ఇప్పించితిని. ఒక సంవత్సరము నేను ఉత్తమమైనదిగా ఎన్నిన వ్యాసమును వ్రాసిన బాలుని తండ్రి, బహుమతులిచ్చిన నాటి సాయంకాలమే బ్రాందీ అంగడి ముందు పడియుండెను. బాలుడు బహుమతి పుస్తకమును చంకలో పెట్టుకొని తండ్రిని లేపుచుండగా నేను చూచితిని. వాని వ్యాసములో తండ్రి ప్రసక్తి ఒక్క వాక్యమందైనను లేదు. "కొందఱు త్రాగుదురు" అని మాత్రము వ్రాసియుండెను.

వారి అనుమతితోనే, ఊరు పేరు విడిచి, ఈ కథను వ్రాయుచున్నాను. ఇందులో నా తప్పు కూడ కలదు గనుక దాచుటకు మనసొప్పలేదు.

ఆ తండ్రి రాతి గనిలో కూలి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతమువారికి ఆ పని యెట్టిదో నేను చెప్పనక్కఱలేదు. మఱునాడు నేను అతనిని పాఠశాలకు పిలిపించి, కుమారుని ఎదుటనే, అరగంట సేపు ఉపన్యసించితిని. చదువుకొనుచున్న బిడ్డ గలవాడవు, సిగ్గులేదా యంటిని. నీ భార్య పుస్తెలు ఏమయ్యెనంటిని. అతడు తలవంచుకొని యంతయు విని, కుమారుని తలమీద చేయి పెట్టి, "ఇంక ముట్టను అయ్యవారూ, బిడ్డ మీద ఒట్టు" అనెను. నేను గొప్ప కార్యము చేసినట్లు సంతసించితిని. ఆ శనివారము కూలి డబ్బులు చేతబడగానే అతడు మఱల అంగడికి పోయెను. అసత్యవాది యని నేను నిశ్చయించుకొంటిని. అది నా మొదటి తప్పు. ఒట్టు పెట్టిన క్షణమున అతడు పలికినది సత్యమే. ఆ సత్యము శనివారము వఱకు నిలుచుటకు కావలసిన ఆధారము అతనికి లేకుండెను. దానిని నేను కల్పింపనూ లేదు.

తరువాత జరిగినది మఱింత ఘోరము. నా మాటలచే అవమానము చెందిన బంధువులు అతనిని ఇంటిలో ఒక గదియందు పెట్టి గొళ్లెము వేసిరి. మొదటిదినము చేతులు వణకెను, చెమటలు పోసెను. రెండవదినము నిద్ర లేదు, తిండి లేదు. మూడవనాటి తెల్లవాఱున నోట నురుగు గ్రక్కుచు కొట్టుకొనెను. లేచిన తరువాత గోడమీద పాములు ప్రాకుచున్నవని కేకలు వేసెను. గాలి సోకినదని విభూతి తెప్పించిరి. పొరుగింటి పడుచువాడొకడు ఆటో తెచ్చి ఆసుపత్రికి చేర్చకున్నచో ఆ బాలుడు తండ్రిలేనివాడై యుండును.

వైద్యుడు చెప్పినదానిని ఇక్కడ వ్రాయుచున్నాను. ఈ వ్యాసమున ఈ ఒక్క సంగతి చదివి, తక్కినది విడిచినను నాకు చింత లేదు. ఏండ్ల తరబడి దినదినము ఎక్కువగా త్రాగువాని మెదడు ఆ మద్యమునకు ఎదురు నిలుచుటకు అలవాటుపడి యుండును. ఒక్కసారి మానిపించినచో ఆ ఎదురుబలమునకు అడ్డు లేక, మెదడు కట్టలు తెంచుకొనును. మానిన కొన్ని గంటలలోనే వణకు పుట్టును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినముల తరువాత మతి చెదరి, లేనివి కనబడి, జ్వరము, గుండె దడ కలిగి, ప్రాణమే పోవచ్చును. వైద్యులు మందులిచ్చి, వానిని కొలది దినములలో క్రమముగా తగ్గించుచు, బి1 విటమినును ఎక్కించి, దీనిని దాటింతురు. ఇది దాటదగిన గండమే. గొళ్లెము వేసి దాటింపదగినది మాత్రము కాదు. గుడిలో దీక్ష పట్టించి ఆ నాటినుండి మాన్పించు కుటుంబములు మన ప్రాంతమున పెక్కు గలవు. దీక్షను నేను తప్పుపట్టను. కాని దినమెల్ల త్రాగు అలవాటు గలవానిని దీక్షకు ముందు వైద్యునికి చూపవలెను.

ఇంతకును ఒకడు మానగలుగుటకును, మఱియొకడు మానలేకుండుటకును కారణమేమి? బుద్ధిబలము కలవాడు మానును, లేనివాడు మానడు అని మనము సులభముగా చెప్పుదుము. ఇందుకు దూరదేశపు సంగతి యొకటి చెప్పెదను.

1971లో వియత్నాం యుద్ధమందున్న అమెరికా సైనికులు హెరాయిన్‌కు అలవాటుపడుచున్నారని తెలిసి ఆ దేశమువారు భయపడిరి. లీ రాబిన్స్ అను పరిశోధకురాలు అట్లు తిరిగివచ్చిన సైనికులను వెదకి ప్రశ్నించి, పరీక్షలు చేయించెను. ఆ దేశమందున్నప్పుడు ఐదింట ఒక వంతు సైనికులు తాము దానికి దాసులమైతిమని ఒప్పుకొనిరి. ఇంటికి చేరిన మొదటి సంవత్సరమున మఱల ఆ దాస్యమున పడినవారు, అట్లు దాసులైన వారిలో నూటికి 5గురు మాత్రమే. మిగిలినవారిలో పెక్కుమంది ఏ చికిత్సయు పొందలేదు. ఈ ఫలితమును తొలుత పలువురు నమ్మలేదు. హెరాయిన్ ముట్టినవాడు చచ్చువఱకు దానినే కోరునని అందఱకును గట్టి నమ్మకము గదా! అయినను లెక్క నిలిచినది. యుద్ధము, మృత్యుభయము, విసుగు, చవుకగా దొరకు హెరాయిన్, త్రాగు స్నేహితులు: ఇవన్నియు ఒక్కచోట ఉన్నప్పుడు కలిగిన అలవాటు, ఊరు, భార్య, పని, కొత్త దినచర్య లభింపగా పెక్కుమందిలో తొలగిపోయెను.

హెరాయిన్ వేఱు, బ్రాందీ వేఱు. సైనికుడు వేఱు, గనికూలి వేఱు. మన కూలి ఇంటికి తిరిగి వచ్చుట యనునది లేదు. అతని యుద్ధము, అంగడి, స్నేహితులు, ఇల్లు అన్నియు ఒక్క వీధియందే యున్నవి. అయినను ఆ లెక్కనుండి నేను గ్రహించినది యేమనగా, వస్తువునకు మాత్రమే కాక, దానిని కోరుటకు గల కారణమునకు కూడ మందు వేయవలెను. మన భాషలో సారాయిని "మందు" అనుట పరిహాసమని యనుకొనెడువాడను. ఇప్పుడు పరిహాసమని తోచదు.

ఆసుపత్రిలో ఆ సంగతి బయటపడెను. మూర్ఛలు తగ్గిన నాలుగవనాడు అక్కడ పనిచేయు ఒక యువతి, మాటలతో చికిత్స చేయునామె, అతని మంచము ప్రక్కన కూర్చుండెను. నేను అక్కడనే యుంటిని. ఆమె నాకువలె ఉపన్యసించునని యెదురుచూచితిని. ఆమె తెలుగులో, "అన్నా, తాగితే నీకు ఏం బాగుంటుంది?" అని యడిగెను. ఆ ప్రశ్న విని నాకు కోపము వచ్చెను. త్రాగుడు వలన మేలేమని అడుగుట త్రాగుమని ప్రోత్సహించుట కాదా యని! అతడు కొంతసేపు ఆలోచించి, "నడుము నొప్పి తెలీదమ్మా. నిద్ర పడుతుంది" అనెను. ఆఱేండ్ల క్రిందట గనిలో జాఱిపడి నడుము దెబ్బతినెనట. ఆ మాట నాకు ఎన్నడును చెప్పలేదు. చెప్పుటకు నేను చోటిచ్చితినా? ఆమె మఱల, "మరి తాగడం వల్ల పోయిందేమిటన్నా?" అనెను. అతడు చాలసేపు మౌనముగా నుండి, "మావాడు నా పక్కన కూర్చోడు" అని ముఖము త్రిప్పుకొనెను.

నేను అరగంట ఉపన్యసించి అతనికి చెప్పదలచినదానిని అతడే తన నోట రెండు మాటలలో చెప్పుకొనెను. ఆమె చేసినది సొంత తెలివియే యని యనుకొంటిని. తరువాత చదివితిని, అది నేర్పబడు విద్య. విలియం మిల్లర్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1983లో దీనిని గుఱించి వ్రాసెను. త్రాగువాని మనస్సున రెండు వాదులు ఒకేసారి నడచుచుండును. మానవలెనని యొకటి, మానలేనని యొకటి. ఎదుటివాడు మొదటి వాదమును పట్టుకొని గట్టిగా పలికినచో, త్రాగువానికి రెండవ వాదమే మిగులును. అతడు దానిని సమర్థించుకొనును. సమర్థించుకొనుచు తానే నమ్మును. ఎద్దును పగ్గము పట్టి ముందునుండి లాగినచో అది వెనుకకే తన్నుకొనును గదా! మిల్లరును, అతని సహచరులును 1993లో ప్రకటించిన పరిశీలనలో, సలహాదారు ఎంత యెక్కువగా ఎదిరించి మాటలాడెనో, ఆ రోగి సంవత్సరము తరువాత అంత యెక్కువగా త్రాగుచుండెనని తేలెను. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"అయినచో అంగడులు తెఱచియుంచి, మనము మంచము ప్రక్కన కూర్చుండి ప్రశ్నలడుగుచుందుమా?" అని తల్లులు నన్నడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఇందుకు సమాధానము మన జిల్లా చరిత్రలోనే కొంత కలదు.

మద్యనిషేధమును భారతదేశమున శాసనముచే అమలుపఱచిన తొలి చోట్లలో మన ప్రాంతమొకటి యని మన విద్యార్థులలో ఎందఱకు తెలియును? హోసూరు చేరువనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజగోపాలాచారిగారు 1937లో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రియై, ఆ యేడు అక్టోబరు 1వ తేదీన సేలం జిల్లాలో మద్యమును నిషేధించిరి. హోసూరు, కృష్ణగిరి అప్పుడు సేలం జిల్లాలోనివే. మఱుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకును దానిని విస్తరింపజేసిరి. మద్యపు ఆదాయము పోగా ఖజానాకు కలిగిన లోటును తీర్చుటకు 1939లో అమ్మకపు పన్నును ప్రవేశపెట్టిరి. ఆ పన్ను దేశమంతట వ్యాపించెను. మద్యమును వదలుకొనుటకు ఏర్పడిన పన్ను నిలిచినది, మద్యపు ఆదాయమును తిరిగి వచ్చినది! 1948 నాటికి నిషేధము రాష్ట్రమంతట అమలునకు వచ్చెను. 1971లో ఎత్తివేసిరి, 1974లో మఱల పెట్టిరి, 1981లో మఱల ఎత్తివేసిరి. 2003 నుండి తమిళనాడులో చిల్లర అమ్మకము కూడ ప్రభుత్వపు సంస్థయగు టాస్మాక్ చేతిలోనే యున్నది. ఏటికి 40,000 కోట్ల రూపాయలకు మించి ఆదాయము దానివలన వచ్చుచున్నది. ఆంధ్రదేశమునను ఇట్టిదే జరిగెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుచున్న స్త్రీలు సారా అంగడిని మూయించి, రాష్ట్రమంతటను ఉద్యమము లేపిరి. 1993లో సారా పోయెను, 1995లో మద్యమంతయు పోయెను, 1997లో మద్యము తిరిగి వచ్చెను.

ఈ చరిత్రను చూచి కొందఱు నిషేధము వ్యర్థమందురు. నేను అట్లనను. అంగడి దూరమైనచో, ధర హెచ్చినచో, వేళలు తగ్గినచో త్రాగుట తగ్గునన్నది లోకమందు పలుచోట్ల కనుగొనబడిన విషయమే. దూబగుంట తల్లులు వెఱ్ఱివారు కారు. బడి దారిలో అంగడి యుండరాదని మన ఊరివారు అర్జీ పెట్టినచో నేను మొదటి సంతకము చేయుదును. కాని అంగడి తలుపు మూయుట వేఱు, త్రాగినవానిపై చెఱసాల తలుపు మూయుట వేఱు. మొదటిది అమ్మువానిని అడ్డగించును. రెండవది రోగిని దండించును.

బీహారున 2016లో సంపూర్ణ నిషేధము వచ్చినప్పుడు త్రాగినవానికి కూడ చెఱసాలయే శిక్షగా నుండెను. లక్షలమంది పట్టుబడిరి, బెయిలు అర్జీలతో న్యాయస్థానములు నిండిపోయెను. తుదకు 2022లో శాసనమును సవరించి, మొదటిసారి పట్టుబడినవానిని జరిమానాతో విడిచిపెట్టు ఏర్పాటు చేసిరి. ఇక దొంగచాటు సారా సంగతి. 2024 జూన్ నెలలో మన రాష్ట్రపు కళ్లకురిచ్చిలో మెథనాలు కలిసిన సారా త్రాగి 60 మందికి మించి మరణించిరి. అచ్చట అంగడులు తెఱచియే యుండెను. చవుక సారా కోరిన బీదవారే చచ్చిరి. కావున అంగడి తెఱచినను, మూసినను, బీదవాని ప్రాణము గుఱించి వేఱుగా ఆలోచింపక తప్పదు.

పోర్చుగలు దేశమువారు 2001 జూలై నుండి వేఱొక త్రోవ త్రొక్కిరి. హెరాయిన్ మొదలగువానిని అమ్మువాడు అక్కడ నేటికిని నేరస్థుడే. కాని పది దినముల వాడుకకు మించని పరిమాణముతో పట్టుబడినవానిని నేరస్థునిగా గాక, ముగ్గురు సభ్యులుగల యొక సంఘము ఎదుటకు పంపుదురు. ఆ సంఘమువారు అతని స్థితిని విచారించి, కావలసినవానిని చికిత్సకు పంపుదురు. దానితో పాటు చికిత్సాలయములను పెంచిరి. సూదులతో మత్తుమందు ఎక్కించుకొనువారిలో ఎయిడ్స్ వ్యాధి వ్యాపించుట ఆ తరువాత ఎంతయో తగ్గెను. చికిత్సకు వ్యయము తగ్గించిన కాలమున మఱల చిక్కులు పుట్టినవని కూడ చెప్పవలెను. శాసనమును మార్చి ఆసుపత్రిని మఱచినచో సగము పనియే యగును.

మన దేశమున గంజాయి, హెరాయిన్ మొదలగువానికి 1985 నాటి శాసనము కలదు. దాని 27వ విభాగము సేవించినవానికి కూడ చెఱసాల విధించును. 64ఎ విభాగము, తానై చికిత్సకు వచ్చి దానిని పూర్తి చేయు వ్యసనపరుని శిక్షనుండి తప్పించును. మొదటిదానిని ఎఱిగినంతగా రెండవదానిని జనులు ఎఱుగరు. ఒకవేళ ఎఱిగి వచ్చినను చోటెక్కడ? కేంద్రప్రభుత్వము 2019లో ప్రకటించిన లెక్కలనుబట్టి, మద్యమునకు దాసులైన 38 మందిలో ఒక్కనికి మాత్రమే ఏదో యొక చికిత్స లభించినది. మిగిలిన 37 మందికి లభించినది మనబోటివారి ఉపన్యాసము.

ఈ సందర్భమున మనబోటి భాషాల్పసంఖ్యాకులకు ప్రత్యేకమైన కష్టమొకటి కలదు. ఆసుపత్రి చీటీ తమిళమున నుండును, వైద్యుడు ఆంగ్లమున వ్రాయును, హద్దు దాటి బెంగళూరు పోయినచో కన్నడము. చీటీ యెవరు చదువుదురు? మన పాఠశాల బిడ్డలే. సంతలోను, తాలూకా కచేరిలోను తల్లిదండ్రులకు దుబాసీలై మాటలాడుట మన బిడ్డలకు అలవాటే. అది వారి తెలివికి వన్నె తెచ్చును. కాని "మీ నాయన ఎంత తాగుతాడు? మీ అమ్మను కొడతాడా?" అను ప్రశ్నలను తండ్రికి అనువదించి, అతని జవాబును వైద్యునికి అప్పగించు పని పదునాలుగేండ్ల బాలునిది కాదు. ఆ గనికూలి కుమారుడు మొదటి రెండు దినములు ఆ పనియే చేసెను. మూడవనాడు తండ్రి వాని ఎదుట మాటలాడుట మానెను. ఆ యువతికి తెలుగు వచ్చియుండుట దైవికము. దైవికమును నమ్ముకొని ఆసుపత్రి నడువరాదు. తెలుగువారు ఇంతమంది యున్న తాలూకాలలో మద్యచికిత్సకు తెలుగు వచ్చిన సలహాదారు ఒకరుండవలెనని మన తల్లిదండ్రుల సంఘము కోరవలెను. పాఠ్యపుస్తకములకై మనము ఎన్ని అర్జీలు వ్రాయలేదు! ఈ యొక్క అర్జీని కూడ వ్రాయుదము. అంతవఱకు, బిడ్డను గాక పెద్దవానిని ఎవనినైనను వెంట తీసికొనిపోవుడు. నన్ను పిలిచినను వచ్చెదను. కేంద్రప్రభుత్వపు 14446 అను ఉచిత దూరవాణి సంఖ్యకును మాటలాడవచ్చును. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనచికిత్సకు ప్రత్యేక కేంద్రమే కలదు. హోసూరునకు బస్సు దూరము.

విద్యార్థులారా, మీలో ఎవరి యింట ఇట్టి కష్టమున్నను, అది మీ తప్పు కాదు. మీరు మార్కులు తెచ్చినందున నాయన మానడు, తేనందున త్రాగడు. అంగడి వద్దకు పోయి లేపి తెచ్చుట మీ విధి కాదు. కొట్టుట, గాయపఱచుట జరిగినచో, నాతోనో మఱియొక ఉపాధ్యాయునితోనో చెప్పుడు. అది ఇంటిగుట్టు బయటపెట్టుట కానేరదు. తోటి విద్యార్థిని "త్రాగుబోతు కొడుకు" అని పిలుచువారు మన తరగతులలో ఉన్నారని నేనెఱుగుదును. ఆ మాట విని నేను ఇంతకుముందు చూచి చూడనట్లు పోయితిని. ఇకమీదట పోను.

ఆ గనికూలి సంగతి అడుగుదురేమో. నడుమునకు వైద్యము జరిగెను. గని పని మాని, యొక కోళ్లఫారమున కావలికి కుదిరెను. శనివారపు కూలి ఇప్పుడు భార్య చేతికి వచ్చును. అది అతడు తానై చేసిన ఏర్పాటు. అతడు పూర్తిగా మానెనని వ్రాయుటకు వీలు లేదు. నడుమ రెండుమాఱులు జాఱెను. గత సంక్రాంతికి నాలుగు దినములు త్రాగి, ఐదవనాడు తెల్లవాఱున తానే బస్సెక్కి ఆసుపత్రికి పోయెను. వెంట తమ్ముడు పోయెను. కుమారుడు పోలేదు, వానికి ఆ దినము లెక్కల పరీక్ష.